చర్చి ట్రిబ్యునల్ మా వివాహం చెల్లదని తీర్పిచ్చింది, కోర్టు విడాకులు ఇంకా అవసరమా?

ప్రశ్న: గుంటూరు జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయురాలు

అందరికీ వందనాలు. 2014లో మా కతోలిక విచారణ (పారిష్) దేవాలయంలో నాకు జ్ఞానవివాహం (చర్చి పెళ్లి) జరిగింది. ఆయనకు అంతకుముందే మరొకరితో సంబంధం ఉందనీ, దాన్ని వదులుకునే ఉద్దేశం లేకుండానే పెద్దల బలవంతానికి లొంగి పీఠం ముందు ప్రమాణం చేశాడనీ నాకు తెలిసేసరికి బాబుకు రెండేళ్లు నిండాయి. నాలుగేళ్లుగా మేము వేరుగా ఉంటున్నాము. నేను మేత్రాసన (డయోసిస్) ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోగా, సాక్షులను విచారించి, మా వివాహం మొదటి నుంచీ చెల్లదని గత తపస్సు కాలంలో (లెంట్ రోజుల్లో) తీర్పు ఇచ్చారు.

ఆ తీర్పు అందిన వారానికే ఆయన తల్లిదండ్రులు మా ఇంటికి వచ్చి, "గుడిలో పెళ్లే కాలేదని గుడివాళ్లే రాసిచ్చారు కదా, ఇక కోర్టుతో పనేమిటి, భరణం ఏమిటి, బంగారం ఏమిటి" అని అడిగారు. మా నాన్నగారు కూడా నిజమేనేమో అన్నట్టు ఊరుకున్నారు. నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధిస్తున్నది బాబు విషయం. పెళ్లే లేదంటే వాడు ఎవరి బిడ్డ అని రేపు ఎవరైనా అడిగితే నేను ఏమని చెప్పాలి? ఈ తీర్పుతో నేను చట్టప్రకారం స్వతంత్రురాలిని అయినట్టేనా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: కుటుంబ న్యాయస్థానంలో ప్రాక్టీసు చేసే న్యాయవాది, విజయవాడ

అమ్మా, ముందుగా సూటిగా చెబుతాను. చట్టం దృష్టిలో మీరు ఈ రోజుకీ ఆయన భార్యే. చర్చి ట్రిబ్యునల్ తీర్పు ఆ హోదాను కొంచెం కూడా మార్చలేదు. మీ వివాహం మతపరంగా ఒక దివ్యసంస్కారమే అయినా, 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద నమోదైన చట్టబద్ధమైన వివాహం కూడా అది. దాన్ని విడదీసే అధికారం 1869 నాటి విడాకుల చట్టం కింద జిల్లా కోర్టుకు, కుటుంబ న్యాయస్థానం ఉన్న చోట ఆ న్యాయస్థానానికి మాత్రమే ఉంది.

ఇది నా సొంత అభిప్రాయం కాదు. మోలీ జోసెఫ్ వర్సెస్ జార్జ్ సెబాస్టియన్ కేసులో సుప్రీంకోర్టు 1996లోనే ఈ సంగతి తేల్చింది. ఆ కేసులో భార్యకు అంతకుముందు ఒక వివాహం జరిగింది. ఆ మొదటి వివాహం చెల్లదని చర్చి ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చింది కాబట్టి రెండో వివాహానికి అడ్డు లేదని ఆమె వాదించారు. చర్చి తీర్పుకు పౌర చట్టంలో ఫలితం ఉండదనీ, మొదటి వివాహం కోర్టు ద్వారా రద్దు కాలేదు కాబట్టి రెండో వివాహమే చెల్లదనీ న్యాయస్థానం చెప్పింది. చర్చి ట్రిబ్యునల్ తీర్పులకు చట్టబద్ధత కల్పించాలని దక్షిణ కన్నడకు చెందిన క్లారెన్స్ పాయిస్ వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని కూడా సుప్రీంకోర్టు 2017 జనవరిలో కొట్టివేసింది.

కాబట్టి చర్చి కాగితాన్ని మాత్రమే నమ్ముకుని మీరు గాని, ఆయన గాని మళ్లీ పెళ్లి చేసుకుంటే అది భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష పడగల నేరమవుతుంది. ఆ సెక్షన్‌లో చెల్లని వివాహాలకు ఒక మినహాయింపు ఉంది గాని, అది అధికారం ఉన్న న్యాయస్థానం చెల్లదని ప్రకటించిన వివాహాలకే వర్తిస్తుంది.

ఇప్పుడు మీరు కోర్టులో ఏమి కోరాలన్నది జాగ్రత్తగా ఆలోచించవలసిన విషయం. చర్చి తీర్పు "చెల్లదు" అన్నది కాబట్టి కోర్టులో కూడా "చెల్లదు" అనే ప్రకటననే కోరాలని చాలామంది అనుకుంటారు. విడాకుల చట్టం 19వ సెక్షన్‌లో ఉన్న కారణాలు చాలా తక్కువ: నపుంసకత్వం, నిషిద్ధ బంధుత్వం, పెళ్లినాటికి మతిస్థిమితం లేకపోవడం, మొదటి భార్య లేదా భర్త బతికి ఉండటం, బలవంతం లేదా మోసం చేసి సమ్మతి పొందడం. విశ్వాసపాత్రంగా ఉండే ఉద్దేశం లేకుండా ప్రమాణం చేయడం చర్చి చట్టంలో బలమైన కారణమే గాని, ఈ జాబితాలో దానికి చోటు లేదు. అంతకంటే ముఖ్యమైన మాట ఒకటి ఉంది. అదే చట్టంలోని 37వ సెక్షన్ భార్యకు శాశ్వత భరణం ఇప్పించే అధికారాన్ని కోర్టుకు ఇస్తుంది. కాని అది విడాకుల డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు), న్యాయపరమైన విడి కాపురపు డిక్రీ అనే రెండింటినే పేర్కొంటుంది, చెల్లదనే డిక్రీని పేర్కొనదు. అందువల్ల మీ పరిస్థితిలో 10వ సెక్షన్ కింద వ్యభిచారం, రెండేళ్లకు మించి విడిచిపెట్టి ఉండటం అనే కారణాలపై విడాకులు కోరడమే క్షేమమని నా గట్టి నమ్మకం. ఆయన ఒప్పుకుంటే 10ఏ సెక్షన్ కింద ఇద్దరూ కలిసి అర్జీ పెట్టుకోవచ్చు. దానికి రెండేళ్లు వేరుగా ఉండాలని చట్టం అంటుంది, మీకు ఆ గడువు ఎప్పుడో దాటింది.

బాబు గురించి మీరు కలత పడవలసిన అవసరం లేదు. చట్టప్రకారం సాగుతున్న వివాహంలో పుట్టిన బిడ్డ వాడు, విడాకులు వచ్చినా అది మారదు. తండ్రి నుంచి పోషణ ఖర్చు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద ఇప్పుడే అడగవచ్చు, విడాకుల కేసు తేలేవరకు ఆగనక్కరలేదు. పెళ్లినాడు మీవాళ్లు కట్నంగా ఇచ్చిన దాని సంగతికి వస్తే, 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం అది మూడు నెలల్లోగా మీ చేతికి చేరవలసిన సొత్తు. ఆ చట్టం అన్ని మతాలవారికీ ఒక్కటే.

జవాబు: మేత్రాసన ట్రిబ్యునల్‌లో కొన్నేళ్లు సేవ చేసిన ఒక గురువు

సోదరీ, న్యాయవాది గారు చట్టం వైపు నుంచి చెప్పినదానికి తిరుసభ (కతోలిక చర్చి) వైపు నుంచి కొంత జోడిస్తాను. మన విశ్వాసుల్లో చాలామంది దీన్ని "చర్చి విడాకులు" అంటారు, కొందరు "పెళ్లి రద్దు" అంటారు. ఈ రెండు మాటలూ పొరపాటే. సక్రమంగా జరిగి కాపురంతో పరిపూర్ణమైన జ్ఞానవివాహాన్ని రద్దు చేసే అధికారం ఏ మానవశక్తికీ లేదని 1983 నాటి తిరుసభ ధర్మశాస్త్రం 1141వ సూత్రం చెబుతుంది. ట్రిబ్యునల్ దేన్నీ రద్దు చేయదు. ప్రమాణం చేసిన ఆ రోజున ఆ బంధం ఏర్పడటానికి కావలసినవన్నీ ఉన్నాయా లేవా అని వెనక్కి వెళ్లి చూస్తుంది, లేవని నైతికంగా రూఢి అయితే ఆ మాటే ప్రకటిస్తుంది. బంధం ఉన్నదనే పక్షాన వాదించడానికి వివాహబంధ పరిరక్షకుడు ప్రతి కేసులోనూ ఉంటారు. 2015లో ఫ్రాన్సిస్ జగద్గురువులు చేసిన సంస్కరణ వల్ల రెండు ట్రిబ్యునళ్లు ఏకాభిప్రాయానికి రావాలన్న పాత నిబంధన పోయింది, ఇప్పుడు అప్పీలు రాకపోతే ఒక్క తీర్పు చాలు.

మీ అత్తమామలు ఆ తీర్పును చివరివరకు చదివి ఉండరని అనిపిస్తోంది. పరస్పరం, బిడ్డల పట్ల, పోషణ విషయంలో, చదువు విషయంలో ఇద్దరికీ ఉన్న నైతిక బాధ్యతలనూ, పౌర చట్టపరమైన బాధ్యతలనూ తీర్పులోనే గుర్తుచేయాలని ధర్మశాస్త్రం 1691వ సూత్రం ఆదేశిస్తుంది. మీ చేతిలో ఉన్న ప్రతిని ఒకసారి తిరగేసి చూడండి, ఆ వాక్యం కనిపించాలి. భరణం తప్పించుకోవడానికి ట్రిబ్యునల్ తీర్పును వాడుకోవడం ఆ తీర్పుకే విరుద్ధం. ఈ మాట మీ విచారణ గురువుల చేత వాళ్లకు చెప్పించండి.

బాబు విషయంలో తిరుసభ మాట కూడా స్పష్టంగానే ఉంది. కనీసం ఒక్కరైనా మంచి మనసుతో, వివాహమేనని నమ్మి చేసుకున్న పెళ్లిలో కలిగిన బిడ్డలు సక్రమ సంతానమే అని 1137వ సూత్రం అంటుంది. మీ బాబు జ్ఞానస్నాన రిజిస్టరులో ఏ అక్షరమూ మారదు. మారేది వివాహ రిజిస్టరులోనూ, మీ ఇద్దరి జ్ఞానస్నానపు పేజీల్లోనూ మాత్రమే. వివాహం నమోదైన చోట, ఆ తీర్పు తేదీని అంచున రాస్తారు.

కోర్టు విడాకులకు వెళ్లడం పాపమేమోనని భయపడే తల్లులను నేను చాలామందిని చూశాను. న్యాయమైన హక్కులకు, బిడ్డల సంరక్షణకు, ఆస్తి రక్షణకు పౌర విడాకులు తప్ప మరో దారి లేనప్పుడు అది నైతిక దోషం కాదని సత్యోపదేశ గ్రంథం (కాటకిజం) 2383వ పేరాలో ఉంది. పైగా, పౌర చట్టం ఒప్పుకోని వివాహాన్ని పీఠాధిపతుల (బిషప్పుల) అనుమతి లేకుండా ఏ గురువూ జరిపించరాదు. రేపు మీరు మళ్లీ జ్ఞానవివాహం చేసుకోదలచినా మీ విచారణలో ముందుగా అడిగేది కోర్టు డిక్రీయే. ఇటలీలో 1929 నాటి లాటరన్ ఒప్పందం నుంచి తిరుసభ తీర్పులకు పౌర ఫలితం పొందే మార్గం ఉంది గాని, ఇక్కడ మనకు ఆ మార్గం లేదు.

జవాబు: హైదరాబాదు నుంచి ఒక గృహిణి

అమ్మాయీ, నేను చట్టం చదవలేదు, మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా పెద్దమ్మ కొడుక్కి కూడా ఇలాగే ట్రిబ్యునల్ తీర్పు వచ్చింది. కోర్టుకు వెళితే ఖర్చు, పరువు అని ఊరుకున్నారు. ఆ తరువాత వేరే సంఘంలో మరో అమ్మాయితో ప్రార్థన పెట్టించి పెళ్లి చేశారు. ఎనిమిదేళ్లు కాపురం చేశాక ఆయన రోడ్డు ప్రమాదంలో పోయాడు. మరణ ధ్రువపత్రం పట్టుకుని బ్యాంకుకు వెళ్లిన రోజున ఆ అమ్మాయి వెంట నేనే ఉన్నాను. కౌంటరులో ఉన్నాయన కాగితాలన్నీ చూసి, "వివాహ ధ్రువపత్రంలో ఉన్న పేరు మీది కాదు కదమ్మా" అన్నాడు. ఆ పిల్ల కుర్చీలోంచి లేవలేకపోయింది. 1925 నాటి వారసత్వ చట్టం ప్రకారం క్రైస్తవుడు వీలునామా రాయకుండా చనిపోతే, బిడ్డలు ఉన్నప్పుడు భార్యకు మూడో వంతు వస్తుందట. ఆ మూడో వంతు మొదటి ఆమెకు వెళ్లింది, ఆమె తప్పేమీ లేదు, చట్టం ఆమెనే భార్య అంది. ఇన్నేళ్లూ అన్నం వండిపెట్టిన పిల్లకు ఏమీ మిగలలేదు. మీరు ఆలస్యం చేయకండి.

ప్రశ్న అడిగిన సోదరి

ఫాదర్ గారు చెప్పిన వాక్యం మా తీర్పు చివరి పేజీలో నిజంగానే ఉంది. ఇంతకాలం నేను గమనించలేదు, నాన్నగారికి చదివి వినిపించాను. మరొక్క సందేహం. ఆయన ఇప్పుడు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి కోర్టులో తానే విడాకులు తెచ్చుకుంటాననీ, ఒక కాగితం పంపుతాననీ, సంతకం చేసి తిరిగి పంపితే చాలనీ నిన్న ఫోనులో చెప్పాడు. చేయవచ్చా?

జవాబు: విజయవాడ న్యాయవాది

ఆ కాగితం నాకో, మరో న్యాయవాదికో చూపించకుండా సంతకం చేయవద్దు. 1975లో తిరుపతిలో పెళ్లయిన ఒక జంట విషయంలో, భర్త అమెరికాలోని మిస్సోరీ కోర్టు నుంచి తెచ్చుకున్న విడాకులు ఇక్కడ చెల్లవని సుప్రీంకోర్టు 1991లో వై. నరసింహారావు కేసులో తీర్పు చెప్పింది. అది హిందూ వివాహమైనా, విదేశీ తీర్పుల గురించి అందులో చెప్పిన సూత్రం మీకూ వర్తిస్తుంది. ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కారణంపైనే, ఆ చట్టం ఒప్పుకునే కోర్టే తీర్పు ఇవ్వాలి. అయితే భార్య తనంతట తానుగా ఆ విదేశీ కోర్టు అధికారానికి లోబడినా, సమ్మతి తెలిపినా పరిస్థితి మారిపోతుంది. ఆయన అడుగుతున్న సంతకం సరిగ్గా ఆ సమ్మతే కావచ్చు.

మీరు ఇక్కడే అర్జీ వేయండి. వివాహ ధ్రువపత్రం, బాబు జనన ధ్రువపత్రం, పెళ్లినాటి ఫోటోలు, బంగారం కొన్న రశీదులు, నాలుగేళ్లుగా వేరుగా ఉన్నట్టు చూపే అద్దె ఒప్పందం గాని ఆధార్ చిరునామా మార్పు గాని సిద్ధం చేసుకోండి. ట్రిబ్యునల్ తీర్పు ప్రతిని కూడా తీసుకురండి. కోర్టు దానికి కట్టుబడి ఉండదు గాని, కాపురం నిలబెట్టుకోవడానికి మీరు పడిన తపన అందులో రికార్డు అయి ఉంటుంది. డిక్రీ వచ్చాక అప్పీలు గడువు ముగిసేవరకు మరో పెళ్లి మాట తలపెట్టకండి. కుటుంబ న్యాయస్థానం తీర్పులపై ఆ గడువు 30 రోజులు.