ఫిజీలో జాతికో ఓటర్ల జాబితా: రక్షణా, వివక్షా?

కొల్లేటికొంగ: ఫిజీ బ్రిటిష్ వలసగా ఉన్నప్పుడు ఒక్కో జాతికి వేరే ఓటర్ల జాబితా, వేరే స్థానాలు ఉండేవి. 1965 లండన్ సమావేశంలో అక్కడి శాసనసభకి 36 స్థానాలు ఖాయం చేశారు. మూలవాసులకి 14, భారతీయులకి 12, ‘ఇతరుల’కి 10. ఇతరులంటే యూరోపియన్లు, మిశ్రమ సంతతివాళ్ళు, చైనీయులు. అందరూ కలిసినా జనాభాలో పదో వంతు లేరు. సగం జనాభా ఉన్న భారతీయులకి మూడో వంతు స్థానాలు. అదే డిసెంబరులో ఐరాస ‘ఒక మనిషికి ఒక ఓటు’ అని తీర్మానిస్తే బ్రిటన్ చెవిన పెట్టలేదు. వివక్ష కాక ఇదేమిటి?

శాంతమూర్తి: ఆ 10 స్థానాల వరకు వివక్షే. జాబితాలు మాత్రం రక్షణ. 1963 దాకా మూలవాసులకి ఓటే లేదు, ప్రధాన పెద్దల మండలి (మూలవాసుల తెగ నాయకుల సభ) ఎంచినవాళ్ళే సభలో ఉండేవారు. అప్పుడే ఓటు చేతికొచ్చిన జనాన్ని, తమకంటే ఎక్కువమంది ఉన్నవాళ్ళతో ఒకే జాబితాలో కలిపితే భూమి పోతుందని భయపడరా?

గోదారిగట్టు: 10 ఒప్పుకున్నారుగా, ఇంకేం మిగిలింది?

శాంతమూర్తి: క్రాస్ ఓటింగ్ మిగిలింది. 36లో 9 స్థానాలకి అన్ని జాతులవాళ్ళూ ఓటేశారు. ఒక్కొక్కరికి 4 ఓట్లు: సొంత జాబితాలో 1, ఈ క్రాస్ స్థానాలకి 3.

కొల్లేటికొంగ: ఓటరు ఎవరైనా, ఆ స్థానంలో నిలబడేవాడి జాతిని ముందే రాసిపెట్టారు కదండీ! 1966లో భారతీయుల ఫెడరేషన్ పార్టీ భారతీయ జాబితాలోని 9కి 9 గెలిచింది, క్రాస్ స్థానాల్లో ఒక్కటీ రాలేదు. భారతీయులు వద్దన్న భారతీయుడు సభకి వెళ్ళాడు.

శాంతమూర్తి: అంటే ఇతర జాతుల ఓట్లు రాబట్టలేకపోయారు. అన్ని జాతులకీ ఒకే ఉమ్మడి జాబితా కావాలన్నదీ ఆ పార్టీయే!

కొల్లేటికొంగ: గెలుపోటములతో పుట్టిన కోరిక కాదది. 1929లోనే ఉమ్మడి జాబితా తీర్మానం వీగిపోతే, ఎన్నికైన ముగ్గురు భారతీయ సభ్యులూ రాజీనామా చేశారు. కాస్త చదివి రాయండి.

పడమటిగాలి: 1903 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కిన మన తెలుగువాళ్ళ పిల్లలూ ఆ ‘భారతీయ’ జాబితాలోనే. ఎవరూ ఆ మాటెత్తరే?

శాంతమూర్తి: చదివే రాస్తున్నాను. భూమి సంగతి చెప్పండి ముందు.

కొల్లేటికొంగ: 1970 రాజ్యాంగంలో సెనేట్‌కి (ఎగువ సభకి) పెద్దల మండలి తరఫున 8 మంది. మూలవాసుల భూచట్టం మారాలంటే వాళ్ళలో 6గురు ఒప్పుకోవాలి. భూమికి అంత తాళం వేశాక ఓటర్ల జాబితాలో జాతెందుకు? అయినా దిగువ సభని మూలవాసులకి 22, భారతీయులకి 22, ఇతరులకి 8 అని పంచుకున్నారు. 1987 ఏప్రిల్లో బవద్ర గెలిచి ప్రధాని అయితే మే 14న సైన్యం దింపేసింది. ఏ జాబితా ఆపింది?

శాంతమూర్తి: తాళం ఉన్నా కౌలు భయం పోలేదు. 1976 కౌలు చట్టం 30 ఏళ్ళ కౌలిచ్చింది. భారతీయ చెరకు రైతు తరం గడిచేదాకా నేల సొంతదారైన మూలవాసి కుటుంబానికి అద్దె తప్ప నేల లేదు. సభలో మెజారిటీ మారితే ఆ గడువు ఇంకా పెరుగుతుందనే భయం.

కొల్లేటికొంగ: ఇప్పుడు బయటపడ్డారు! మీ గొడవ ఓటుతో కాదు, కౌలుతో. 1997 నుంచి గడువులు తీరి రైతులు ఇళ్ళు ఖాళీ చేశారు, అప్పుడూ జాబితాలు ఉన్నాయి.

శాంతమూర్తి: అవును, కౌలుతోనే. రైతుకి పరిహారం, యజమానికి నేల, రెండూ ఎలా ఇస్తారో చెప్పండి. 2013లో జాబితాలు ఎత్తేశారుగా, దానికి జవాబు అందులో ఉందా?