కొత్త మ్యూజిక్ ప్లేయర్‌ని 200 గంటలు మోగిస్తే గొంతు మారుతుందా?

అమలాపురం_అరుగు:
అందరికీ నమస్కారం. పోయిన నెల చిన్న మ్యూజిక్ ప్లేయర్ ఒకటి కొన్నాను. ఫోన్‌లో పాట మంచి పట్టులో ఉండగా ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, ఆ విసుగు భరించలేక. తెచ్చిన రోజు ఘంటసాల పాట పెడితే గోనెసంచి కప్పుకుని పాడుతున్నట్టుంది. ఎడమ చెవిలో కాస్త తక్కువగా కూడా వినిపించింది. అమ్మినాయనకి ఫోన్ చేస్తే "బర్న్ ఇన్ అవ్వాలండి, 200 గంటలు ఆపకుండా మోగించండి, అదే విచ్చుకుంటుంది" అన్నాడు. సరేనని బీరువాలో పెట్టి, మధ్యమధ్యలో చార్జింగ్ చేస్తూ తొమ్మిది రోజులు మోగించాను. బట్టల మధ్య దోమ దూరిందని మా ఆవిడ రెండుసార్లు బీరువా అంతా దులిపింది. ఇప్పుడు కొంచెం బాగున్నట్టే ఉంది. ఎడమ చెవి మాత్రం అలాగే ఉంది. మీకెవరికైనా ఇలా మోగించాక నిజంగా తేడా తెలిసిందా?

పాలకొల్లు_రిపేర్లు:
ప్లేయరేమైనా బియ్యమాండీ, పాతబడితే బాగుండటానికి? టేప్ రికార్డర్ల రోజుల నుంచి ఇదే పనిలో ఉన్నాను. అందులో బెల్టు, రబ్బరు రోలరు, హెడ్డు ఉండేవి. అరిగేవి అవీ. అరిగితే పాట ఈడ్చుకుపోవడమే గానీ బాగయిన సెట్టు ఒక్కటీ చూళ్లేదు. మీ ప్లేయర్‌లో ఫైల్‌ని కరెంటుగా మార్చే చిప్, దానికి బలమిచ్చే యాంప్లిఫయర్, చుట్టూ కెపాసిటర్లు. చిప్‌లో కదిలేది ఏమీ లేదు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఏళ్ల తరబడి వాడకుండా పడుంటే లోపలి ఆక్సైడ్ పొర దెబ్బతింటుంది, కొత్త సరుకుకి ఆ బాధ లేదు.

బర్న్ ఇన్ అనే మాట ఫ్యాక్టరీలది. సరుకుని వేడి మీద కొన్ని గంటలు నడిపి, తొందరగా పోయే రకాన్ని గేటు దాటకముందే ఏరేస్తారు. దానికీ పాట తీపికీ సంబంధం లేదు.

డోలు_దెబ్బ:
మాస్టారూ, అన్నీ ఒకే గాట కట్టెయ్యకండి. మాది మేళం, రాజోలు దగ్గర. సన్నాయికి కొత్త పీక పెడితే మొదట్లో బిరుసుగా ఉంటుంది, తడిపి ఊదగా ఊదగా దారికొస్తుంది. ముసురు పట్టిన రోజు డోలు చర్మం మెత్తబడి శ్రుతి దిగిపోతుంది. ఇయర్‌ఫోన్‌లో మాత్రం పొర లేదా?

పాలకొల్లు_రిపేర్లు:
ఆయ్, అక్కడ మీరన్నది కొంత నిజమే. నేనన్నది ప్లేయర్ గురించి. పెద్ద స్పీకర్లలో శంకువుని పట్టుకునే అంచు, దాన్ని వెనకనుంచి పట్టి ఉంచే స్పైడర్ అనే మడతల గుడ్డ మొదటి కొన్ని గంటల్లో కొద్దిగా వదులవుతాయి, మీటర్‌కి కూడా దొరుకుతుంది. హెడ్‌ఫోన్స్‌లో అది చాలా తక్కువ. అమెరికాలో టిల్ హెర్ట్‌సెన్స్ అనే ఆయన 2011లో ఏకేజీ క్యూ701 అనే హెడ్‌ఫోన్‌ని మోగిస్తూ కొలిచాడు. కనిపించినవి చాలా చిన్న మార్పులే. తల మీద హెడ్‌ఫోన్ కాస్త జరిగినా అంత తేడా వస్తుంది.

భీమవరం_చెరువుగట్టు:
నాకైతే మారింది. రాత్రిళ్లు రొయ్యల చెరువు కాపలాకి చెవుల మీద కప్పే హెడ్‌ఫోన్ కొన్నాను. నెల తిరిగేసరికి బేస్ పెరిగింది. మోగించినందుకు అనుకున్నాను గానీ, దిండ్లు మెత్తబడి చెవి చుట్టూ అతుక్కున్నాయి, అంతే. రెండు వానాకాలాలు గడిచాక చెమటకి పైతోలు పొరలు పొరలుగా ఊడింది, బేస్ కూడా దాంతోపాటే పోయింది. చెరువులో నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతుంటే ఎంత ఖరీదు ప్లేయరైనా ఒకటేనండి, అది వేరే సంగతి.

నరసాపురం_లేసు:
అరుగు గారూ, ఇయర్‌ఫోన్ రబ్బరు సైజు మార్చి చూశారా? నాకు డబ్బాలో వచ్చిన మధ్య సైజు వదులు. పెద్దది వేశాక తబలా వినబడింది. చెవిలో గాలి సందు ఉంటే బేస్ నిలవదు. ఇంకోటి, అంతర్వేది తీర్థంలో దిగగానే మైకుల హోరుకి చెవులు మూసుకుంటాం, పావుగంటకి అక్కడే కూర్చుని జీళ్లు తింటాం. మైకులేమీ మారలేదు కదా.

తణుకు_హాస్టల్:
మా బావదీ నాదీ ఒకే మోడల్. తనది 200 గంటలు మోగింది, నాది అప్పుడే సీలు తీశాం. మొదటిరోజు బావదే బాగుందని నేనే ఒప్పుకున్నాను, పందెం డబ్బులు కూడా ఇచ్చేశాను. తీరా చూస్తే తన ప్లేయర్‌లో గెయిన్, అంటే శబ్దాన్ని పెంచే సెట్టింగు, 'హై'లో ఉంది. ఒక్క డెసిబెల్ గట్టిగా ఉన్నా మనకి అదే బాగున్నట్టు అనిపిస్తుందట. రెండింట్లో 100 హెర్ట్జ్ టోన్ పెట్టి, మల్టీమీటర్‌తో ఓల్టేజీ సమానం చేశాం. తర్వాత అమ్మ బొమ్మా బొరుసూ వేసుకుంటూ, తుండుగుడ్డ కింద ప్లేయర్లు మార్చి ఒకే ఇయర్‌ఫోన్ తగిలించింది. 16 సార్లలో నేను సరిగ్గా చెప్పింది 9. బావ 7. గుడ్డిగా చెప్పినా సగం, అంటే 8 దాకా కలుస్తాయి. అమ్మ మధ్యలో పులుసు మాడుతోందని లేచిపోయింది. పందెం డబ్బులు ఇంకా వెనక్కి రాలేదు.

పాలకొల్లు_రిపేర్లు:
అరుగు గారూ, ఆ ఎడమ చెవి సంగతి నాకు నచ్చట్లేదు. ముందు ఇయర్‌ఫోన్స్ చెవులు మార్చి పెట్టుకోండి. తక్కువ కుడి చెవిలోకి పోతే మీ చెవి బాగానే ఉన్నట్టు. తర్వాత అవే ఇయర్‌ఫోన్స్ ఫోన్‌కి పెట్టండి. అక్కడ రెండూ సమానంగా ఉంటే తప్పు ప్లేయర్‌దే. సెట్టింగ్స్‌లో బ్యాలెన్స్ నడిమధ్య ఉందో లేదో కూడా చూడండి. అన్నట్టు, వాపసు గడువు ఎన్ని రోజులు?

అమలాపురం_అరుగు:
ఏడు రోజులండి.

తణుకు_హాస్టల్:
200 గంటలంటే 8 రోజుల 8 గంటలు. లెక్క బాగా కుదిరింది ఆ అమ్మినాయనకి.

అమలాపురం_అరుగు:
చూశానండి. నా చెవి బాగానే ఉంది, ఫోన్‌లో రెండూ సమానం, బ్యాలెన్స్ మధ్యలోనే ఉంది. పిన్ను కొంచెం తిప్పి పట్టుకుంటే ఎడమవైపు ఒక్కసారిగా లేస్తుంది, వదిలితే పడిపోతుంది. పెద్ద రబ్బరు వేశాక గోనెసంచి మాత్రం తొలగింది, నరసాపురం వారికి థ్యాంక్స్. అమ్మినాయనకి చెబితే "గడువు దాటిపోయిందండి, ఇంకో వంద గంటలు చూడండి" అన్నాడు.

పాలకొల్లు_రిపేర్లు:
పిన్ను దూర్చే జాక్‌లో పట్టు లేదు, లేదా లోపల టంకం విడింది. వెయ్యి గంటలు మోగించినా అతుక్కోదు. వాపసు గడువు పోయినా వారంటీ ఉంటుంది కదా, సర్వీస్ సెంటర్‌కి పంపండి. నా దగ్గరికి మాత్రం తేకండి, నేను విప్పితే మీకు ఆ వారంటీ కూడా పోతుంది. బిల్లు ఉందా?

అమలాపురం_అరుగు:
బీరువాలోనే పెట్టానండి. మా ఆవిడ దులిపినప్పుడు ఎక్కడ పెట్టిందో వెతకాలి.