పాత నిబంధనలో చనిపోయినవాళ్ళు లేస్తారన్న నమ్మకం ఎప్పటిది?

మారతహళ్ళి_కుర్రాడు:
మొన్న ఆదివారం బెంగళూరులో మా తెలుగు చర్చి బైబిల్ స్టడీలో, పునరుత్థానం, అంటే చనిపోయినవాళ్ళు మళ్ళీ లేస్తారన్న నమ్మకం, మోషే నాటి నుంచీ ఉందని ఒకాయన, అస్సలు లేదని ఇంకొకాయన, గ్లాసుల్లో టీ మీగడ కట్టేదాకా వాదించుకున్నారు. ఇంతకీ ఏది నిజమండీ?

పాతపుస్తకాల_పిచ్చి:
మోషే పేరిట ఉన్న ఐదు పుస్తకాల్లో సూటిగా ఎక్కడా లేదు బ్రదర్. మంచోడైనా చెడ్డోడైనా అప్పట్లో చేరేది పాతాళానికే, చచ్చినవాళ్ళకి ఏమీ తెలియదని పాత నిబంధనలోని ప్రసంగి గ్రంథం 9:5 కుండబద్దలు కొట్టేసింది. స్పష్టంగా ఉన్నది దానియేలు 12:2లో, కొందరు నిత్యజీవానికి, కొందరు నిందకి మేలుకొంటారని. ఆ భాగం క్రీ.పూ. 165 ప్రాంతంలో, యూదుల్ని అణచివేసిన గ్రీకు రాజు అంతియొకస్ హింసల మధ్య రాసిందని చాలామంది పండితుల లెక్క. మోషే ధర్మశాస్త్రాన్ని మీరం అన్నందుకే చంపేస్తుంటే, మరి వాళ్ళకి న్యాయం ఎప్పుడు?

అడయార్_అక్క:
యెహెజ్కేలు 37, ఎండిన ఎముకల లోయ వదిలేశారేం?

పాతపుస్తకాల_పిచ్చి:
11వ వచనం చూడండక్కా, ఆ ఎముకలు ఇశ్రాయేలీయులేనని అక్కడే ఉంది, బబులోను చెరలో ఆశ వదులుకున్న జనానికి సొంత దేశం చేరతారన్న ధైర్యం అది. మృతులు బ్రతుకుతారనే యెషయా 26:19 మీద మాత్రం పండితుల గొడవ ఇంకా తెగలేదు. అన్నట్టు, యేసు కాలానికి కూడా సద్దూకయ్యులు అనే యూదుల వర్గం ఈ నమ్మకాన్ని ఒప్పుకోలేదు.