అప్‌డేట్: లేజర్ లైపోసక్షన్ ప్రస్తుతానికి వద్దనుకున్నాను

రెండో కాన్పు తర్వాత మిగిలిపోయిన పొట్టకి లేజర్ లైపోసక్షన్ (లేజర్‌తో కొవ్వు కరిగించి తీసేయడం) చేయించుకోవచ్చా, రిస్క్ ఎంత అని అడిగాను కదా. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ (సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) చేసిన డాక్టర్ గారిని కలిసొచ్చాను.

ఆయన నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, తల కాస్త పైకెత్తమన్నారు. బొడ్డు పైన వేళ్లు నొక్కితే మధ్యలో లోపలికి దిగాయి. పొట్ట కండరాలు విడిపోయాయట. లేజర్ కరిగించేది చర్మం కింది కొవ్వునే. కండరాలను దగ్గరికి చేర్చదు, పేగుల చుట్టూ ఉన్న కొవ్వు జోలికీ పోదు. అంటే డబ్బు పోసినా నా ఎత్తు పొట్ట చాలావరకు అలాగే ఉంటుంది!

ఇక రిస్కులు. లేజర్ కొన ఒకేచోట ఎక్కువసేపు ఆగితే లోపలి నుంచి చర్మం కాలుతుంది. ఎగుడుదిగుళ్లు, నీరు చేరడం, అరుదుగా రక్తం గడ్డకట్టడం కూడా ఉన్నాయి. నాకు అసలు టెన్షన్ పెట్టింది మాత్రం మత్తుమందు. కొవ్వులోకి ఎక్కించే ద్రవంలో లిగ్నోకెయిన్ అనే మత్తుమందు ఉంటుంది. దాని మోతాదు బరువును బట్టి లెక్కకట్టాలి. రక్తంలో దాని స్థాయి చాలా గంటల తర్వాత, అంటే మనం ఇంటికొచ్చేశాక పెరగొచ్చు. మోతాదు మించితే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పొచ్చు.

మీలో ఒకరు చెప్పినట్టే, "లంచ్ టైమ్‌లో అయిపోతుంది మేడమ్" అన్న క్లినిక్‌కి ఫోన్ చేసి మత్తు డాక్టర్ ఉంటారా అని అడిగాను. ఆఫర్ ఈ నెలాఖరు వరకేనన్నారు.

ప్రస్తుతం ఫిజియోథెరపీ మొదలుపెట్టాను. కండరాలు విడిపోయి సర్జరీ లేకుండా తగ్గినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.