బ్యాకప్, డీడూప్ అన్నీ రాత్రి రెండింటికేనా? అసలు బెంగళూరు ఆఫీసులకి రాత్రి ఎక్కడుంది?

రూట్_రెడ్డి, బెళ్లందూరు:
మా ఆఫీసుకి ఫైల్ సర్వర్ ఒకటే. బ్యాకప్, స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఫైళ్లు ఎలా ఉన్నాయో పట్టి ఉంచడం), డీడూప్ (ఒకే డేటా పలుచోట్ల ఉంటే ఒక్కటే ఉంచి జాగా మిగల్చడం), వైరస్ స్కాన్ నాలుగూ క్రాన్‌లో (టైమ్‌కి పనులు నడిపే షెడ్యూలర్) రాత్రి 2కే ఉన్నాయి. ఎవరో ఎప్పుడో పెట్టి వెళ్లిపోయారు. మనకి 2 అంటే చలికాలంలో న్యూయార్క్‌లో మధ్యాహ్నం 3:30. అక్కడివాళ్లు మా సర్వర్‌లో సేవ్ కొడితే చక్రం తిరుగుతూనే ఉంటుందట, ఫోన్లు నాకు. పగలు 10కి మారుద్దామంటే మా మేనేజర్ "బ్యాకప్ అంటే రాత్రే" అంటున్నారు. మీరేమంటారు?

పాతకాపు, జయనగర్:
మేనేజర్ మాటే కరెక్ట్ తమ్ముడూ. అవతలివాళ్లు మెయిల్ పెట్టి ఊరుకుంటారు, ఇక్కడివాళ్లు నీ సీటు దగ్గరికే వస్తారు. ఐఓనైస్ (డిస్క్ వాడకంలో ఒక పనిని వెనక్కి నెట్టే కమాండ్) పెట్టి రాత్రే ఉంచు.

రూట్_రెడ్డి:
అదీ చూశానన్నా. బ్యాకప్ నడిచేది వేరే మెషిన్‌లో, ఎన్ఎఫ్ఎస్ మౌంట్ (నెట్‌వర్క్ మీదుగా తగిలించుకున్న ఫైల్ సర్వర్ ఫోల్డర్) మీద. అక్కడ ఐఓనైస్ ఇస్తే ఫైల్ సర్వర్‌కి ఏం తెలుస్తుంది? కాపీ చేసే ఆర్‌సింక్‌కి బ్యాండ్‌విడ్త్ లిమిట్ కూడా పెట్టా. కాపీ నెమ్మదించింది గానీ, ఏ ఫైలు మారిందా అని లక్షల ఫైళ్ల తేదీలు, సైజులు చూసుకుంటూ పోతుంది చూడు, ఆ భారం అలాగే ఉంది.

కోరమంగళ_కాఫీ:
పగలా రాత్రా అన్నది తర్వాత. నాలుగూ ఒకేసారి ఎందుకండీ? 7200 ఆర్‌పీఎం డిస్క్ సెకనుకి వంద ర్యాండమ్ రీడ్‌లు (చెల్లాచెదురుగా ఉన్న చోట్ల నుంచి చదవడం) చేస్తే గొప్ప. ఒకే బావిలో నాలుగు చేదలు వేస్తే తాళ్లు మెలిపడవా?

వరస కూడా ముఖ్యం. స్నాప్‌షాట్ తీసుకున్నాక డీడూప్ నడిపితే, పాత బ్లాకుల్ని ఆ స్నాప్‌షాట్ పట్టుకునే ఉంటుంది. అది పోయేదాకా జాగా వెనక్కి రాదు. మా దగ్గర ఇది తెలియక, డీడూప్ పనిచేయట్లేదని నెలంతా తిట్టుకున్నాం. ముందు డీడూప్, తర్వాత స్నాప్‌షాట్, బ్యాకప్ ఆ స్నాప్‌షాట్ నుంచి.

ఇంకోటి, సర్వర్ టైమ్ చూసుకోండి. యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటే మీరు రాసిన 2 మనకి పొద్దున 7:30.

పాతకాపు:
వరస బాగుంది. కానీ మొదటిది సాగితే తర్వాతవి ఆఫీసు వేళలో వచ్చి పడతాయి. ఎఫ్‌లాక్ కమాండ్‌తో తాళం వేయి, నిన్నటిది అవకుండా ఇవాళ్టిది మొదలవదు. స్కాన్‌కి టైమౌట్ పెట్టు. బ్యాకప్‌కి మాత్రం వద్దు, సగం బ్యాకప్‌ని నమ్ముకోలేం.

రూట్_రెడ్డి (వారం తర్వాత):
డిస్క్ ఎంత బిజీగా ఉందో చూపే ఐఓస్టాట్ లెక్కలు ఏడు రోజులు తీశా. నా 10 గంటలూ తప్పే, మేనేజర్ గారి 2 గంటలూ తప్పే. నిజంగా ఖాళీగా ఉండేది పొద్దున 5:30 నుంచి 9 దాకా. అప్పటికి న్యూయార్క్‌లో సాయంత్రం 7 దాటుతుంది, మనవాళ్లు ఇంకా సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లోనే ఉంటారు. బ్యాకప్ అక్కడికి మార్చా.

పాతకాపు:
సిల్క్ బోర్డు వల్ల ఇన్నాళ్లకి ఒకడికి మేలు జరిగింది. డీడూప్ మాత్రం శనివారం మధ్యాహ్నానికి తోసెయ్, మూడున్నర గంటల్లో తెమిలే పని కాదది.