నాలాకు సెన్సార్ ముందా, పూడిక తీత ముందా? హైదరాబాద్ వరద హెచ్చరికలపై చర్చ

గొలుసుకట్టు | రాత్రి 8:10

మొన్న ఆదివారం మా కాలనీ సంఘం మీటింగ్‌లో గంటన్నర వాదన జరిగింది. నాలా (వాననీటి కాలువ) మీద నీటిమట్టం కొలిచే సెన్సార్లు పెట్టించమని వార్డు ఆఫీసును అడుగుదామని నేనన్నాను. ముందు పూడిక తీయించండి, కంప్యూటర్ల సంగతి తర్వాత చూద్దాం అని పెద్దలంతా తోసిపుచ్చారు. అక్కడ సరిగ్గా చెప్పుకోలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నా ఉద్యోగం డేటా విశ్లేషణ. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో సుమారు 15 వేల మంది పోయారని అందరికీ తెలుసు. తర్వాత ఇంజనీరు విశ్వేశ్వరయ్య వచ్చి ఏం చేశారన్నది తక్కువ మందికి తెలుసు. ఆయన ముందు లెక్క తీశారు. నగరానికి ఎగువన 788 చెరువులు, అందులో తెగినవి 221. పై చెరువు తెగిన నీళ్ళు కింది చెరువు మీద పడి, అది తెగి ఇంకో దాని మీద పడి, చివరికి అన్నీ కలిసి ఊరి మీద పడ్డాయి. ఆ లెక్కలోంచే గండిపేట, హిమాయత్‌సాగర్ పుట్టాయి.

2020 అక్టోబరులో ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు పడింది. పల్లెచెరువు కట్ట తెగింది. నాలుగైదు రోజులకే బాలాపూర్ గుర్రంచెరువు తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది. ఎక్కడ ఎంత వాన పడిందో ఇప్పుడు ఆటోమేటిక్ కేంద్రాలు పావుగంటకోసారి చెప్పగలవు. ఆ నీళ్ళు ఏ గల్లీలో ఎంత ఎత్తు నిలుస్తాయన్నదే మన దగ్గర లేదు. నేల ఎత్తుపల్లాలు, నాలా వెడల్పు, చెరువు మట్టం, రాడార్‌లో మబ్బు కదలిక, ఈ నాలుగూ కలిపితే గంట, రెండు గంటల ముందు చెప్పవచ్చు. ముసలివాళ్ళను పై అంతస్తుకు చేర్చడానికి గంట చాలు.

రిటైర్డ్_ఏఈ | రాత్రి 8:41

బాబూ, 31 ఏళ్ళు మురుగు, వరద కాలువల మీదే పనిచేశాను. ఒక్కటే అడుగుతాను. మన నాలాలు గంటకు 2 సెంటీమీటర్ల వానను మోయడానికి కట్టినవి. మీ సెన్సార్ పెడితే ఆ 2 కాస్తా 4 అవుతుందా? అవునో కాదో చెప్పండి.

2000 ఆగస్టు వరద తర్వాత కిర్లోస్కర్ కన్సల్టెంట్స్ వాళ్ళు 2003లో నాలాల మీద రిపోర్ట్ ఇచ్చారు. ఎక్కడ ఇరుకుందో, ఎంత వెడల్పు చేయాలో అందులో ఉంది. లెక్కలు లేక మునగలేదు మనం. ఉన్న లెక్కలు అమలు చేయక మునిగాం.

బోడుప్పల్_వాసి | రాత్రి 8:44

సార్ చెప్పింది నిజం. మా నాలాలో నీళ్ళకంటే థర్మాకోల్ ఎక్కువ.

గొలుసుకట్టు | రాత్రి 9:02

సార్, కాదు. సెన్సార్ నాలాను వెడల్పు చేయదు. నాలా సరిపోని రోజున లోపల ఉన్న మనిషిని బయటికి తెస్తుంది. ఈ రెండు పనులూ వేరు.

మన వరదలు కూడా రెండు రకాలు. మూసీ వరద నెమ్మదిగా వచ్చేది. గండిపేట, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల గేట్లు ఎత్తాక ఆ నీరు చాదర్‌ఘాట్ చేరేసరికి కొంత సమయం పడుతుంది, అది లెక్కకు అందుతుంది. 2025 సెప్టెంబరు 26 రాత్రి ఇమ్లీబన్ బస్టాండులోకి నీళ్ళొచ్చి ప్రయాణికులు చిక్కుకున్నారు. ఆ నీళ్ళు అంతకు ముందే పైన బయల్దేరినవి. నాలా వరద అలాంటిది కాదు. మబ్బు విరిగిన అరగంటకే మోకాళ్ళ లోతు వస్తుంది. దానికి రాడార్, సెన్సార్ తప్ప దారి లేదు.

రిటైర్డ్_ఏఈ | రాత్రి 9:15

కాదు అని ఒప్పుకున్నారు. సంతోషం. ఇంకో మాట. నాలాలో పెట్టిన ఏ పరికరమైనా చెత్త తగిలి పది రోజుల్లో చస్తుంది. బ్యాటరీ ఎత్తుకుపోతారు. చూసిన వాణ్ణి చెబుతున్నాను.

గొలుసుకట్టు | రాత్రి 9:21

నీటిలో పెట్టేవి కాదు సార్. వంతెన కింది వైపు బిగిస్తారు, పైనుంచి రాడార్ కిరణం పంపి నీటిమట్టం కొలుస్తుంది. నీళ్ళు తాకవు.

రిటైర్డ్_ఏఈ | రాత్రి 9:24

వంతెన మునిగితే?

గొలుసుకట్టు | రాత్రి 9:25

వంతెన మునిగేలోపే హెచ్చరిక వెళ్ళిపోయి ఉంటుంది కదా సార్.

రిటైర్డ్_ఏఈ | రాత్రి 9:27

నా 2 సెంటీమీటర్ల ప్రశ్న అలాగే ఉంది.

ఫీడర్_మనిషి | రాత్రి 9:50

అన్నా, ఇద్దరూ నీళ్ళ గురించే మాట్లాడుతున్నారు. వానాకాలంలో నాకు టెన్షన్ కరెంటుతోనే. నేను సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌ని.

గల్లీలో నీళ్ళు నిలిచాయని ఫోన్ వస్తుంది. 11 కేవీ ఫీడర్, అంటే కాలనీలకు కరెంటు తెచ్చే లైను, ఆపితే ఒక్క గల్లీ కాదు, చుట్టుపక్కల అన్ని కాలనీలూ చీకటవుతాయి. సెల్లార్‌లో నీళ్ళు తోడే మోటార్ ఆగిపోతుంది, లిఫ్టులో ఎవరో ఇరుక్కుంటారు, ఇంట్లో ఆక్సిజన్ మెషిన్ మీద ఉన్న పేషెంట్ కొడుకు ఏడుస్తూ ఫోన్ చేస్తాడు. ఆపకపోతే ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె దగ్గర నీళ్ళలో ఎవరైనా కాలు పెడితే ప్రాణం పోతుంది. రెండూ నా మీదే.

నాకు కావాల్సిన డేటా చాలా చిన్నది. ఏ డీటీఆర్ (వీధి ట్రాన్స్‌ఫార్మర్) పల్లంలో ఉంది, దాని దిమ్మె నేల మీదనుంచి ఎంత ఎత్తు, ఏ అపార్ట్‌మెంట్ మీటర్ బోర్డు సెల్లార్‌లో ఉంది. ఇవి తెలిస్తే ఫీడర్ మొత్తం ఆపకుండా ఆ ఒక్క ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఆపే ఏబీ స్విచ్ తీయిస్తాం. నీళ్ళు రాకముందే ఆ పని కావాలి, వచ్చాక లైన్‌మన్ అక్కడికి పోలేడు.

కరెంటు పోతే తాగునీరూ పోతుంది, అది కూడా చూసుకోండి. ఊరికి నీళ్ళు కృష్ణా నుంచి, గోదావరి నుంచి పంపుల మీదే ఎక్కి వస్తున్నాయి. సెల్ టవర్ బ్యాటరీ కొన్ని గంటలే. అది అయిపోయాక మీ హెచ్చరిక ఎవరి ఫోన్‌కు పోతుంది?

నిజాంపేట్_అరుగు | రాత్రి 9:58

ఈ పోస్ట్ ఒక్కటే పనికొచ్చేది.

గొలుసుకట్టు | రాత్రి 10:12

అన్నా, నేను అనేది సరిగ్గా ఇదే. దిమ్మె ఎత్తుతో నీటిమట్టం పోల్చి చూస్తే ఏ ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని గంటలకు మునుగుతుందో వరస వచ్చేస్తుంది. టవర్ల సంగతికీ అందుకే తొందర. సెల్ బ్రాడ్‌కాస్ట్ అని ఉంది, నంబర్లు అక్కర్లేకుండా ఒక టవర్ పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి మోగుతుంది. 2023లో దేశమంతా టెస్ట్ మెసేజ్‌లు వచ్చాయి, గుర్తుందా? తెలుగులోనూ పంపవచ్చు. టవర్ బతికుండగానే పంపాలి.

ఫలక్‌నుమా_టైలర్ | రాత్రి 10:40

తమ్ముడూ, నేను చదువుకున్నది పదో తరగతి. తప్పయితే అనుకోకండి.

2020లో మాది కింది గది. ముందు రోజు మా ఆయన ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, ఇంగ్లీషులో. పక్కింటి అబ్బాయి చదివి చెప్పాడు, జిల్లాలో అక్కడక్కడ భారీ వర్షాలు అని. అక్కడక్కడ అంటే మేము ఏం చేయాలి? అలాంటి మెసేజ్‌లు ఆ నెలలో చాలా వచ్చాయి. అన్నిసార్లూ ఇల్లు ఖాళీ చేస్తామా?

రాత్రి నీళ్ళు గుమ్మం దాటాక పది నిమిషాలు కూడా పట్టలేదు. పిల్లలను డాబా ఎక్కించాను. రెండు మిషన్లు పోయాయి. పెళ్ళివాళ్ళవి పద్నాలుగు జాకెట్లు మురుగు పట్టాయి. ఆ బట్టల డబ్బు రెండేళ్ళు కట్టుకున్నాను. సహాయం నంబరుకు చేస్తే ఎత్తలేదు. తర్వాత ఎప్పుడూ చేయలేదు.

గొలుసుకట్టు | రాత్రి 11:05

అక్కా, మీరు రాసింది చదివి ల్యాప్‌టాప్‌లో ఒకటి చూసి వచ్చాను. దాచకుండా చెబుతాను.

సొంతంగా ఒక మ్యాప్ చేసుకున్నాను. ఏ గల్లీలు మునుగుతాయో నేర్పడానికి గత కొన్నేళ్ళలో ప్రజలు ఇచ్చిన ఫిర్యాదులు వాడాను. ఫిర్యాదు ఎక్కువున్నచోట ఎరుపు, లేనిచోట ఆకుపచ్చ. మీ వైపు గల్లీలు చాలావరకు ఆకుపచ్చగా ఉన్నాయి. యాప్‌లో ఫోటో పెట్టే కాలనీలు ఎరుపయ్యాయి. ఫోన్ చేసి విసిగిపోయినవాళ్ళు, అసలు చేయనివాళ్ళు నీళ్ళు రానివాళ్ళ కింద లెక్కయ్యారు. తప్పు నాది, వానది కాదు.

ఫలక్‌నుమా_టైలర్ | రాత్రి 11:11

మేము మునిగినట్టే లేదా మీ దాంట్లో?

గొలుసుకట్టు | రాత్రి 11:12

లేదు అక్కా.

రిటైర్డ్_ఏఈ | రాత్రి 11:20

చూశారా? ఇదీ మీ శాస్త్రం. రేపు దీన్ని చూసి ఆఫీసర్ పడవలు, పంపులు ఎరుపు ఉన్నచోటికి పంపిస్తాడు. ఈమె డాబా మీదే కూర్చుంటుంది. ఒక్క జేసీబీ, పది మంది కూలీలు, వేసవిలో రెండు నెలలు. అది ఎవరినీ ఆకుపచ్చ చేయదు.

గొలుసుకట్టు | రాత్రి 11:34

పూడిక ఎక్కడ ముందు తీయాలో ఎలా తెలుస్తుంది సార్? ఎవరు గట్టిగా అరిస్తే అక్కడ తీశారు ఇన్నాళ్ళూ. నా మ్యాప్ తప్పును నేను కళ్ళతో చూశాను, దిద్దుకుంటాను. మీ జేసీబీ తప్పు ఎవరికి కనపడుతుంది?

దీనికి ఒకటే మందు. మ్యాప్ అందరికీ తెరిచి పెట్టాలి. ఇంటింటికీ నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో అక్కడివాళ్ళే నింపాలి, తప్పుంటే వాళ్ళే కొట్టేయాలి.

రిటైర్డ్_ఏఈ | రాత్రి 11:41

ఇంటింటికా? అందరికీ కనపడేలా? ఒప్పుకోను. కంట్రోల్ రూమ్‌లో ఆఫీసర్లకు ఉంటే చాలు. జనానికి పెడితే భయం పుడుతుంది.

గొలుసుకట్టు | రాత్రి 11:44

ఇందాకటి దాకా లెక్కలు ఉన్నాయి, అమలే లేదన్నారు. ఇప్పుడు లెక్క బయటపెట్టకూడదంటున్నారు. 2003 రిపోర్ట్ కూడా ఇలా ఆఫీసర్ల దగ్గరే ఉండబట్టి కదా మీరు కుమిలిపోతున్నది?

రిటైర్డ్_ఏఈ | రాత్రి 11:52

నోరు అదుపులో పెట్టుకో. నీ వయసంత నా సర్వీసు. అద్దె ఇంట్లో కూర్చుని మ్యాప్‌లు గీసేవాడికి ఏం తెలుస్తుంది? జీవితమంతా కూడబెట్టి ఒక ఫ్లాట్ కొంటే, దాని మీద నువ్వు ఎర్ర రంగు పూస్తావు. మరుసటి రోజు దాని ధర ఎంత? బ్యాంకు లోన్ ఇస్తుందా?

మోడరేటర్ | రాత్రి 11:55

ఇద్దరూ మర్యాద పాటించండి. అద్దె, సొంతం అనే మాటలు వద్దు.

ఫీడర్_మనిషి | రాత్రి 11:59

సార్, మీ 2 సెంటీమీటర్లు ఎక్కడికి పోయాయి? గొడవ ఫ్లాట్ గురించా?

రిటైర్డ్_ఏఈ | రాత్రి 12:16

దాచేదేమీ లేదు. మా అమ్మాయి ఫ్లాట్ ఒక చెరువు మత్తడి (నిండాక నీళ్ళు పొర్లే చోటు) కింది వైపు ఉంది. అన్ని అనుమతులతో కట్టిందే, ఎఫ్‌టీఎల్ (చెరువు నిండు మట్టం గీత) బయటే. 2020లో సెల్లార్ నిండింది. అల్లుడికి ఉద్యోగం పోయింది, ఫ్లాట్ అమ్ముతున్నారు. బేరం కుదిరింది, వచ్చే నెల రిజిస్ట్రేషన్. ఈ సమయంలో మ్యాప్ అంటే నాకు నిద్ర పట్టదు. చట్టం ప్రకారం కొన్నవాడు ఏం పాపం చేశాడు?

గొలుసుకట్టు | రాత్రి 12:22

సార్, నేనూ మాట తూలాను, క్షమించండి. కానీ ఎఫ్‌టీఎల్ గీత వేరు, నీళ్ళు వచ్చే గీత వేరు. చెరువు నిండినప్పుడు నీళ్ళు ఎంతవరకు నిలుస్తాయో ఎఫ్‌టీఎల్ చెబుతుంది. కొన్ని చెరువులవి నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లోనే ఉన్నాయి. మత్తడి దూకాక ఆ నీరు ఏ దారిన పోతుందో అది చెప్పదు. మీ అమ్మాయి మోసపోయింది ఆ తేడా దగ్గరే. కొనే రోజు ఈ మ్యాప్ ఉంటే కొనేవారా?

రిటైర్డ్_ఏఈ | రాత్రి 12:25

కొననిచ్చేవాణ్ణి కాదు.

ఫలక్‌నుమా_టైలర్ | రాత్రి 12:31

పెద్దాయనా, ఇప్పుడు కొంటున్నవాళ్ళకు సెల్లార్ నిండిన సంగతి చెప్పారా?

రిటైర్డ్_ఏఈ | రాత్రి 12:48

చెప్పలేదు.

ఫలక్‌నుమా_టైలర్ | రాత్రి 12:53

మాకు మునిగిందని చెప్పుకుందామంటే వినేవాళ్ళు లేరు. మీకు వినేవాళ్ళున్నారు, మీరు చెప్పడం లేదు. ఈ తమ్ముడి మ్యాప్‌లో మీ ఇల్లూ ఆకుపచ్చే, మా ఇల్లూ ఆకుపచ్చే. కొనేవాళ్ళకూ పిల్లలుంటారు కదండీ. ఆ సెల్లార్‌లో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది కదా, వాళ్ళ సంగతేంటి?

బోడుప్పల్_వాసి | రాత్రి 12:55

మా అపార్ట్‌మెంట్‌లోనూ వాచ్‌మన్ గది సెల్లార్‌లోనే.

గొలుసుకట్టు | ఉదయం 6:20

రాత్రి నిద్రపోలేదు. ఒక చిన్న ఫారం చేశాను. మూడే ప్రశ్నలు: నీళ్ళు నేల మీదనుంచి ఎంత ఎత్తు వచ్చాయి, ఎన్ని గంటలకు, ఏ వైపు నుంచి. పేరు, ఫోన్ నంబరు అడగను. ఇంటి నంబరు ఇవ్వడం ఇష్టం లేకపోతే దగ్గరి కరెంటు స్తంభం నంబరు చాలు. ఫీడర్ అన్న కోసం మీటర్ బోర్డు సెల్లార్‌లో ఉందా అన్నది నాలుగో ప్రశ్నగా కలిపాను. ఫోన్‌లో రాయలేనివాళ్ళవి ఇక్కడ చెప్పినా నేనే ఎక్కిస్తాను.

ఫీడర్_మనిషి | ఉదయం 6:41

మా ఫీడర్ కింద తొమ్మిది డీటీఆర్‌ల దిమ్మెలు టేపు పెట్టి కొలుస్తాను. ఆదివారం లోపు ఇస్తా.

ఫలక్‌నుమా_టైలర్ | ఉదయం 7:05

మాది రాసుకో తమ్ముడూ. గది నేల నుంచి నాలుగు అడుగులు. గోడ మీద మరక ఇంకా ఉంది, సున్నం వేసినా పోలేదు, టేపు పెట్టి చూశాను. రాత్రి పదకొండు దాటింది. చెరువు వైపు నుంచి కాదు, వెనక గల్లీ మోరీలోంచి ముందు వచ్చింది. పక్క నాలుగు ఇళ్ళవి కూడా సాయంత్రానికి అడిగి చెబుతాను.

రిటైర్డ్_ఏఈ | ఉదయం 9:30

కొనేవాళ్ళకు పొద్దున ఫోన్ చేశాను. మాట్లాడాం. అది వేరే విషయం.

మీ ఫారంలో కొలత అంగుళాల్లో ఇవ్వాలా, సెంటీమీటర్లలోనా? అది రాయలేదు. సెల్లార్ నేల నుంచా, రోడ్డు మట్టం నుంచా అన్నదీ రాయలేదు. ఆ రెండూ సరిచేయండి.