సీ, జావా, పైథాన్ మూడూ ఒకేసారి నేర్చుకోవచ్చా?

కొత్తకోడర్: బీటెక్ మొదటి ఏడాది. కాలేజీలో సీ, అమీర్‌పేట కోచింగ్‌లో జావా, ఇంట్లో పైథాన్ వీడియోలు. మూడూ నడిపించొచ్చా అన్నా, రెండు ఆపెయ్యాలా?

బ్రాకెట్: రెండు ఆపెయ్ తమ్ముడూ. సెమికోలన్ మర్చిపోతావని కాదు, అది కంపైలర్ (కోడ్‌ను కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రాం) పట్టేస్తుంది. ఎర్రర్ రాకుండా తప్పు జవాబు వచ్చే చోటే అసలు ప్రమాదం. ఆదివారం 0, సోమవారం 1 అనుకో. సోమవారానికి మూడు రోజుల ముందు ఏ వారం? (1 - 3) % 7 అని రాస్తావు, % అంటే భాగిస్తే మిగిలే శేషం. పైథాన్‌లో 5 వస్తుంది, శుక్రవారం, సరైనదే. అదే లెక్కకు జావాలో, సీలో -2 వస్తుంది. దాన్ని అర్రే (వరుసగా పేర్చిన విలువల గళ్లు) ఇండెక్స్‌గా, అంటే గడి నంబరుగా వాడితే జావా ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. సీ అయితే చాలాసార్లు ఆగదు కూడా, అర్రేకి ముందున్న మెమరీలో ఏదుంటే అది చదివేస్తుంది. మొదటి భాషే చేతికి రానివాడు ఈ తప్పు ఎక్కడుందని వెతుకుతాడు?

రెండుకళ్లు: బ్రాకెట్ గారూ, మీ ఉదాహరణే నా వాదన. పైథాన్ ఒక్కటే వచ్చినవాడికి శేషం మైనస్‌లో రావచ్చని తట్టనే తట్టదు. రెండు భాషలు పక్కపక్కన నడిపితేనే (1 - 3 + 7) % 7 అని రాయడం అలవాటవుతుంది, అది మూడింటిలోనూ 5 ఇస్తుంది. అయితే మొదటి రోజు నుంచీ కాదు. లూపు, ఫంక్షన్, అర్రే ఒక భాషలో చూడకుండా రాయగలిగాక, అదే ప్రోగ్రామును అదే రోజు రెండోదాంట్లో రాయాలి. వేర్వేరు పాఠాలు వేర్వేరు భాషల్లో చదివితే మాత్రం కలగాపులగమే.

పరీక్షహాలు: కంపైలర్ పట్టేస్తుందన్నారు. సెమిస్టర్ పరీక్షలో కాగితం మీద రాయాలి, అక్కడ కంపైలర్ ఎక్కడిది? జావాలో == సంగతీ చూడండి. పైథాన్‌లో అది స్ట్రింగుల్లో ఉన్న అక్షరాలను పోలుస్తుంది. జావాలో రెండూ ఒకే ఆబ్జెక్టా అని చూస్తుంది. కోడ్‌లోనే రాసిన రెండు "అవును"లను పోలిస్తే ట్రూ వస్తుంది కాబట్టి బాగానే ఉందనిపిస్తుంది. జావాలోని స్కానర్ క్లాసుతో కీబోర్డు నుంచి చదివిన "అవును"తో పోల్చగానే ఫాల్స్. అక్కడ అక్షరాలను పోల్చే ఈక్వల్స్ మెథడ్ వాడాలి. డేటాబేస్‌ను ప్రశ్నలు (క్వెరీలు) అడిగే భాష ఎస్‌క్యూఎల్‌ను మాత్రం ఈ లెక్కలో కలపొద్దు. మామూలు క్వెరీల్లో లూపు రాసే పనే లేదు, సీతో పాటు రోజూ అరగంట చదివినా దేనికీ అడ్డురాదు.

బ్రాకెట్: రెండుకళ్లు గారి షరతుకు ఒప్పుకుంటాను, కానీ సీ పక్కన జావా వద్దు. పైకి ఒకేలా ఉంటాయి, చిక్కంతా అదే. మార్కులు లెక్కపెట్టడానికి పది గళ్ల ఇంట్ (పూర్ణాంకాల) అర్రే తీసుకుంటే, జావా అన్నిట్లో సున్నాలు పెట్టి ఇస్తుంది. సీలో ఫంక్షన్ లోపల అలాగే వదిలేస్తే అందులో చెత్త విలువలుంటాయి, వాటి మీదే ++ (ఒకటి కలపడం) పడుతుంది. పక్కన పైథాన్ పెట్టుకో తమ్ముడూ, చూడగానే వేరే భాషని కన్ను గుర్తుపడుతుంది. సీలో పాయింటర్లు (మెమరీ చిరునామాలు దాచే వేరియబుల్స్) పూర్తయ్యాకే జావా.